ఏ ప్రెసిడెంటు?

గొడవంతా ఒక ఫ్లెక్సీతో మొదలైంది.

వడమాలపేట క్రాసు దగ్గర ఒక పొద్దున అది లేచింది. యూనిఫాంలో, భుజాల మీద సింహాలతో, నవ్వీ నవ్వకుండా ఉన్న జెస్సీ బొమ్మ. కింద ఎర్రటి అక్షరాలు, బస్సులో కూర్చున్నవాళ్ళకు కూడా కనబడేంత పెద్దవి: "మా ప్రెసిడెంట్ లెఫ్టినెంట్ కల్నల్ జెస్సీ గారికి శుభాకాంక్షలు". ఇంకా కింద, చీమలబారంత సన్నగా, "అఖిల భారత విశ్రాంత సైనికుల సమాఖ్య జాతీయ అధ్యక్షురాలు". అది చదవాలంటే బండి ఆపి దిగాలి. ఫ్లెక్సీ చదవడానికి బండి దిగేంత తీరిక మన జిల్లాలో ఎవరికుంది?

వేయించింది చిత్తూరు మునికుమార్, రిటైరైన హవల్దారు. కాశ్మీరులో మంచు తినేసిన అతని కాలిని కోసెయ్యాల్సిందేనని డాక్టర్లంటే, నాకొక్క వారం ఇవ్వండని కాపాడి నిలబెట్టిన నర్సు జెస్సీ. ఆ కాలితోనే నిచ్చెనెక్కి ఫ్లెక్సీ కట్టినాడు.

ఆమె సంగతి కొంచెం చెప్పాలి. ఊరికి ఎడంగా ఉన్న దళితుల పల్లెలో పుట్టి, వడమాలపేట హైస్కూల్లో చదివి, మిలిటరీ నర్సింగు కాలేజీలో సీటు తెచ్చుకుని ఆఫీసరైంది. నర్సుకు సెల్యూటేమిటని వెనక నవ్వే కుర్ర లెఫ్టినెంట్లను పిలిచి, "నాకొద్దు, ఈ సింహాలకు కొట్టి పో" అనేది. కొట్టి పోయేవాళ్ళు. మొన్న ఢిల్లీలో సమాఖ్య ఎన్నికలప్పుడు కూడా, తుపాకి పట్టినవాళ్ళకు నర్సమ్మ నాయకత్వమా అని పెద్ద పెద్ద మీసాలు లేచినాయి. ఒక బ్రిగేడియరు మీదే గెలిచి, జాతీయ అధ్యక్షురాలై ఇంటికొచ్చింది. రిటైరయ్యాక ఇల్లు కట్టుకుంది అమ్మ దగ్గరే, పల్లెలోనే. ఓటు కూడా ఇక్కడికే మార్చుకుంది.

ఊరికి ఆ ఢిల్లీ గొడవ తెలియదు. ఊళ్ళో ప్రెసిడెంటు అంటే సర్పంచే. ఇప్పటి సర్పంచి రేవతి, ఆమెకు సంతకం పని. జనం ప్రెసిడెంటు అని పిలిచేది మాత్రం ఆమె మొగుడు రఘునాథ్‌ని. ఈసారి కూడా జనరల్ మహిళ అని సీటు వచ్చింది. జనరల్ అంటే ఎవరైనా నిలబడవచ్చని చట్టం. ఊళ్ళో పెద్ద కులాలకు మాత్రం జనరల్ అంటే మాది అని అర్థం. రేవతిని మళ్ళీ ఏకగ్రీవం చెయ్యాలని రఘునాథ్ అందరినీ ఒప్పించి హాయిగా కూర్చున్న వారంలోనే, క్రాసు దగ్గర జెస్సీ ప్రెసిడెంటయి నవ్వుతోంది. ఆయనకు అన్నం సహించలేదు.

సాయంత్రానికి పల్లెలోకి ఆయన కారొచ్చింది. దిగి వాకిట్లోనే నిలబడినాడు. జెస్సీ అమ్మ మునిరత్నమ్మ చేతిలో చాట కింద పెట్టి, కొంగు భుజాల చుట్టూ లాక్కుని, "రాండి ప్రెసిడెంటు సామీ" అంది. జెస్సీ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు.

"ఏమ్మా జెస్సీ, ప్రెసిడెంటు అయిపోయినావంట? నామినేషనన్నా పడకముందే?"

జెస్సీకి నవ్వొచ్చింది. అయ్యో సార్, అది వేరే ప్రెసిడెంటు అని చెప్పబోయింది. మాట నాలుక చివరకు వచ్చేసింది కూడా. అంతలో ఆయనే అందుకున్నాడు.

"సదువుకున్నావు, సంతోషం. మీ యమ్మ మా తోపులో మామిడికాయలు ఏరే గదా నిన్ను సదివించింది? ఆ ఉప్పు మరిసిపోతే ఎట్ల? కావాలంటే వార్డు మెంబరు తీసుకో. ఆ కుర్చీలో మాత్రం ఎవురు కూర్చోవాల్నో వాళ్ళే కూర్చోవాల."

జెస్సీ నవ్వు ఆగిపోయింది. చెప్పబోయిన మాటను మింగేసింది.

"నిలబడితే ఏమవుతాది సార్?"

సామీ అనకుండా సార్ అనడం ఆయన చెవికి తగిలింది. మునిరత్నమ్మ వైపు తిరిగి చెప్పినాడు. "ఏమీ గాదు. మీ పల్లె సమాధులకు పోయే దావ మా తోపులోనే గదా ఉండాది. గేటుకు తాళం పడతాది, అంతే. బిడ్డకు సెప్పుకో, మునిరత్నమ్మా."

కారు పోయినాక మునికుమార్ ఫోన్ చేసినాడు. క్రాసులో ఎవరో ఫ్లెక్సీ చించేసినారట. "తప్పు నాదే మేడం. జాతీయ అనేది పెద్దగా ఏపించాల్సింది. ఇప్పుడే వచ్చి ఆయప్పకు అర్థమయ్యేట్టు సెప్పేదా?"

"వద్దు మునీ. ఎవురికీ సెప్పొద్దు."

మునిరత్నమ్మకు ఒళ్ళు మండింది. "ఒక్క మాటతో పొయ్యేదానికి ఎందుకే ఈ తలనొప్పి? ఆ ప్రెసిడెంటు యేరే, ఈ ప్రెసిడెంటు యేరే అని సెప్పు. ఆయప్పా నవ్వుకుంటాడు, మనమూ నవ్వుకుందాం. నువ్వేమన్నా ఈ ఊరి కుర్సీ కోసం వచ్చినావా?"

"రాలేదుమ్మా. ఇందాకటిదాకా నాకా యోచనే లేదు."

"మరేంటికి?"

"యేరే అని సెప్తే, మీ కుర్సీ జోలికి రాను సామీ అని సెప్పినట్టే గదా. ఆయనకు కావాల్సింది ఆ మాటే."

"పల్లె దావ మూసేస్తాడే పాపా!"

జెస్సీ అమ్మ పక్కన కూర్చుంది. "నాయన పోయినప్పుడు ఆ గేటు తెరిసే ఉన్నిందా?"

మునిరత్నమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. మొగుడు ఇమ్మానుయేల్ శవపెట్టెను భుజాల మీద పెట్టుకుని పల్లె మొగవాళ్ళంతా మిట్టమధ్యాహ్నం ఆ గేటు ముందర నిలబడినారు. ప్రెసిడెంటు భోంచేస్తున్నాడు, తాళం చెవి ఆయన దగ్గరే ఉంది అన్నారు. సెలవు పెట్టి యూనిఫాంలోనే దిగిన జెస్సీ కూడా ఎండలో నిలబడింది. అప్పట్లో ఆమె ఒక్క మాట చెబితే ఆస్పత్రి వార్డంతా లేచి నిలబడేది. ఇక్కడ నాయన పెట్టె పక్కన నిలబడి, తాళం ఎప్పుడొస్తుందా అని దారి చూసింది. ఆ మంట ఇన్నేళ్ళయినా ఆమెకు ఆరలేదు.

"ఈయన దయ ఉంటే దావ, లేకుంటే లేదు. అది దావ గాదుమ్మా. పంచాయితీ దావ ఏపించాల. ఆ కుర్సీలో కూర్చుంటే గదా ఏపించేది?"

"నీ నామినేషనుకు సంతకం పెట్టేదానికి ఊరి ఓటరు ఒకరు కావాలంట గదా. ఈ పల్లెలో ఎవురికుండాది ఆ దమ్ము?"

అది నిజమే. మునికుమార్ ఓటు చిత్తూరులో. పల్లెలో సగం మంది బతుకు రఘునాథ్ తోపులోనే. జెస్సీ ఎవరినీ అడగలేదు. అడిగి వాళ్ళను ఇరుకున పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. మునిరత్నమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

తెల్లారి జెస్సీ లేచేసరికి, అమ్మ క్రిస్మసుకు కట్టే చీర కట్టుకుని గడప మీద కూర్చుని ఉంది.

"ఏందే సూస్తావు? బండి తియ్యి" అంది.

వాళ్ళు నామినేషను వేసి తిరిగొచ్చేసరికి వాకిట్లో రఘునాథ్ కారుంది. ఈసారి ఒక్కడే రాలేదు. రేవతి, నలుగురు పెద్దమనుషులు, ఒక శాలువ, సంపెంగల దండ. ఫోన్లో ఫొటో తీయడానికి ఒకడు. పొద్దున పేపరు చూసి అసలు సంగతి తెలుసుకున్నారన్నమాట. రఘునాథ్ ముఖం విప్పారి ఉంది.

"అయ్యో జెస్సీ! దేశానికా నువ్వు ప్రెసిడెంటు? ఒక్క మాట సెప్పింటే అయిపోయేది గదమ్మా! మేము మన ఊరికేమో అనుకొంటిమి!" అని పెద్దగా నవ్వినాడు. పెద్దమనుషులు కూడా నవ్వినారు. "మన ఊరికే గర్వం! శాలువ కప్పుతాం, ఇట్ల నిలబడు."

జెస్సీ కదల్లేదు. దేశానికైతే శాలువ, ఊరికైతే తాళం. ఎంత సులువుగా నవ్వుతున్నాడు ఈ మనిషి అనుకుంది. గొంతు మాత్రం వార్డులో ఆర్డరు ఇచ్చినంత నెమ్మదిగా వచ్చింది.

"శాలువ ఉండనీండి సార్. మీరు మొదట అనుకొన్నదే కరెక్టు. ఇప్పుడే నామినేషను ఏసి వస్తా ఉండాం."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయినాయి. ఫోను పట్టుకున్నవాడు మెల్లగా చెయ్యి దించినాడు. దండ మోస్తున్న రేవతి తల వంచుకుంది. ఆమె పెదవి చివర మెదిలింది నవ్వేనేమో, జెస్సీకి తెలియలేదు.

"ఏసినావా? నీకు సంతకం పెట్టిందెవురు?" రఘునాథ్ పల్లె ఇళ్ళన్నిటి వైపు ఒక చూపు విసిరినాడు. "ఏ ఇంటోడు పెట్టినాడు? పేరు సెప్పు. మునిరత్నమ్మా, నువ్వన్నా సెప్పు!"

మునిరత్నమ్మ బండి దిగింది. కొంగు సర్దుకోలేదు. నిన్న ఆయన కూర్చోకుండా వదిలేసిన కుర్చీ ఇంకా వాకిట్లోనే ఉంటే, వచ్చి దాంట్లో కూర్చుంది.

"నేనే పెట్టినా" అంది. "ఇంగమీద ప్రెసిడెంటా అని పిలిస్తే నా బిడ్డ పలుకుతాది. నిన్నేమని పిలవాల్నో నువ్వే సెప్పు, రఘునాథా."