కైజరుది పెద్దమనిషి తరహా

కొల్లేటికోట దగ్గర బుల్లిరాజు చేపల చెరువుకి కాపలా కైజరు అనే కుక్క. అది మొరగదు. ఏడాదిగా గట్టు మీదకి ఎవరొచ్చినా తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటుంది. ఇంకొకరైతే కంగారు పడేవారు. బుల్లిరాజు మీసం దువ్వుకున్నాడు.

“మా కైజరుది పెద్దమనిషి తరహా అండీ. ఊరికే నోరు పారేసుకోదు,” అని మేత లారీవాళ్ళ దగ్గర్నుంచి చేపలు కొనేవాళ్ళ దాకా అందరికీ చెప్పేవాడు. బేరం కుదరాలి కాబట్టి వాళ్ళూ అవునండీ అనేవారు. దాని నోటి కంపు సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. కొల్లేటి గాలి మీదకి నెట్టేసి ఊరుకునేవారు.

ఈ వారం కైజరు చేపల పులుసన్నం వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండో రోజూ అంతే. ఎంత డాబు మనిషైనా బుల్లిరాజు దాన్ని కూనప్పుడు తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నవాడు. ఇక దక్కదేమోనని భయపడి, భార్య మంగాయమ్మని వెంటబెట్టుకుని కారులో ఏలూరు తీసుకుపోయాడు.

పశువుల డాక్టరు దీవెన కైజరుకి మత్తిచ్చి, నోరు తెరిచి టార్చి వేసింది. దవడ పళ్ళు కనిపించనంతగా గార పేరుకుంది. చిగుళ్ళ నిండా చీము.

“ఎప్పుడైనా పళ్ళు తోమించారాండీ?”

“కుక్కకి పళ్ళు తోమడమేంటమ్మా? నాలుక బద్ద కూడా కొనమంటారా?”

“బద్ద అక్కర్లేదండీ. బ్రష్షు, కుక్కల పేస్టు చాలు. మీ పేస్టు మాత్రం పెట్టకండి, వాటికి పడదు.”

ఆమె గార అంతా గీకి, కుళ్ళిన పళ్ళు పీకేసి బయటికొచ్చింది. “ప్రాణానికి భయం లేదండీ. నోరు తెరిస్తే నొప్పి కదా, పాపం చాలాకాలంగా మొరిగి ఉండదు.”

పెద్దమనిషి తరహా గురించి డాక్టరమ్మకి చెప్పాలన్న ఉత్సాహం బుల్లిరాజుకి ఎందుకో రాలేదు.

తిరుగు దారిలో కైజరు వెనక సీట్లో మంగాయమ్మ ఒళ్ళో తల పెట్టుకుని మగతగా పడుకుంది. బుల్లిరాజుకి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇంత బాధ పడుతుంటే తెలుసుకోలేకపోయాను. పైగా నోరు మెదపదని ఊరంతా మెచ్చుకుంటూ తిరిగాను,” అన్నాడు.

మంగాయమ్మ కుక్క చెవులు నిమురుతూ మెల్లగా అంది. “నన్నూ అంతేగా అండీ. మా ఆవిడ ఎన్నడూ ఎదురు మాట్లాడదని చుట్టాలందరి దగ్గరా మెచ్చుకుంటారు.”

బుల్లిరాజు కారు వేగం తగ్గించాడు. “అయితే చెప్పు,” అన్నాడు.

మంగాయమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కారు ఇంటి ముందు ఆగాక కూడా ఇద్దరూ దిగలేదు. ఆవిడ కథ ఇంకా పెళ్ళైన కొత్తల్లోనే ఉంది.