ఓరిన్ వేసిన ప్రశ్న

అయోవాలో నది పొంగి పాత వంతెన కొట్టుకుపోయిన ఏడాది, ఓరిన్, డెల్ఫీన్ ఒక లా కాలేజీలో ఫెలోలు, అంటే రెండేళ్ల తాత్కాలిక అధ్యాపకులు. ఆ గడువులోగా ఎక్కడైనా ప్రొఫెసరు ఉద్యోగం దొరకకపోతే ఇద్దరికీ ఇంటిదారే.

ముందు ఇంటర్వ్యూ పిలుపు డెల్ఫీన్‌కే వచ్చింది. ఓరిన్ ఓర్వలేకపోయాడు. ఇంటర్వ్యూ ప్రసంగాన్ని ఆమె తోటివాళ్ల ముందు రిహార్సల్ చేస్తుంటే, వాదనంతా కూలిపోయే ప్రశ్న వేశాడు. ఆమె ప్రశ్న రాసుకుని, ప్రసంగం మధ్యలోనే ఆపేసింది. అతని మనసు చల్లబడింది.

వారం తర్వాత ఆమె నవ్వుతూ వచ్చింది. "ఉద్యోగం వచ్చేసిందోయ్! అక్కడా అదే ప్రశ్న అడిగారు. నీ పుణ్యమా అని జవాబు సిద్ధంగా ఉంది."

"నీ మేలు కోరి అడగలేదు."

"తెలుసులే, నీ మొహం చూశాగా!"

మర్నాడు పొద్దున్నే ఓరిన్ తన ఇంటర్వ్యూ ప్రసంగానికి రాసుకున్న వ్యాసం ఆమె బల్లమీద పెట్టాడు. "నా రిహార్సల్‌కి రా. ప్రశ్నలడిగేటప్పుడు జాలిపడకు," అన్నాడు.