గాజు సీసాలో తీగ కొస

"కల్పా, అక్కడ మబ్బు పట్టిందా?" అని మా ఆయన దయాకర్ మెట్టుగూడ నుంచి ఫోన్ చేసిండు. యాప్రాల్‌లో మా డాబా మీద అప్పటికే నల్లగ కమ్ముకున్నది.

ఆయనకు హ్యామ్ రేడియో పిచ్చి, ఇంట్ల కూసొని రేడియోల దూరపోల్లతోని మాట్లాడుడు. లైసెన్స్ సుత ఉన్నది. డాబా మీద రెండు యాంటెన్నాలు. వాటి తీగలు కిటికీల నుంచి వచ్చి రెండు రేడియోల వెనక బిగుస్తయి. పొద్దున ఎండ చూసి, వాటిని ఊడదీయకుండనే డ్యూటీకి పోయిండు.

"తీగ కొసలకున్న ప్లగ్గులల్ల పెద్దది పీఎల్. మరలు తిప్పితే ఊడుతది. చిన్నది బీఎన్‌సీ, జెర లోపలికి నొక్కి పావు వంతు తిప్పాలె. రెండిటినీ సీసాలో పెట్టు. ఉరుము వినిపిస్తే మాత్రం ఏదీ ముట్టుకోకు."

"అంత భయమున్నోనివి పొద్దున్నే తీయకపోతివా."

"తిట్టుడు తర్వాత. ముందుగాల తియ్యి."

తీగ కొస గాజు సీసాలో ఉంటే పిడుగు కరెంటు ఇంట్లకు దుంకదని ఆయన నమ్మకం. నేను నవ్వేదాన్ని. ఆ సీసాలో కందిపప్పు సుత పోసుకున్న. పప్పు పళ్లెంల కుమ్మరించి, టేబుల్ వెనకకు వంగిన. పెద్దది బిగుసుకుపోయింది. చున్నీ కొసతో పట్టి తిప్పితే ఊడింది. సీసాలో దించిన. చిన్నదాన్ని గుంజిన, రాలె. నొక్కాలని యాదికొచ్చేలోపే ఉరిమింది.

చెయ్యి తీసేసిన. అప్పుడు కనవడ్డది. రెండేళ్ల మా లాస్య టేబుల్ కింద కూసొని, ఆ చిన్నదాని తీగనే రెండు చేతులతో పట్టి కొరుకుతున్నది.

గుంజితే ఇంకింత గట్టిగ పట్టుకుంటది, దాని సంగతి నాకెరుకే. ఎప్పటిలెక్కనే, "లాస్యా, నాయిన వచ్చిండు, గేటు కాడున్నడు" అన్న. తీగ విడిచి ఉరికింది. వెనకనే ఉరికి ముందర అర్రల ఎత్తుకున్న.

ఇల్లంత తెల్లగయింది. చెవులు గుయ్యిమన్నయి.

వాన తగ్గినంక తొంగి చూసిన. సీసా నిలువునా పగిలింది. చిన్న ప్లగ్గున్న రేడియో వెనక గోడ మాడింది. లాస్య కూసున్న చోట దాని బొమ్మ పడున్నది. గడపలనే కూసున్న.

ఫోన్ మోగింది. "బీఎన్‌సీ తీసినవా?"

"తీయలె. పాపను తీసిన."

"పాప యాడున్నది?" అన్నడు.

"ఇంటికి రా," అన్న. "నువ్వొచ్చినవని చెప్పిన దానికి. ఇంకా గేటు దిక్కే చూస్తున్నది."