రెండు దగ్గర ఖాళీ

నాన్నకి ఖాళీలంటే గిట్టదు. ఉద్యోగమే అలాంటిది మరి: టైల్స్ మధ్య సందులు పూడ్పించే సూపర్‌వైజరు. ఇంట్లో సోఫాకీ గోడకీ మధ్య సందుని కూడా బతకనివ్వడు.

ఆ సాయంత్రం కూతురు గ్రాఫ్ కాగితం బల్ల మీద వదిలి స్నానానికి వెళ్ళింది. మర్నాడు ఆ గ్రాఫులు చూసి, స్కూలు లెక్కల జట్టుకి ఒకర్ని తీసుకుంటారు. పిల్ల ఏడాదిగా దాని గురించే కలవరిస్తోంది.

నాన్న తొంగి చూశాడు. ఓ గీత ఏటవాలుగా ఎక్కుతూ వచ్చి, రెండు అనే అంకె దగ్గర ఉత్త సున్నాతో ఆగిపోయింది. ఇంకో గీత అదే రెండు దగ్గర, కాస్త పైన, నిండు చుక్కతో మొదలై అడ్డంగా సాగిపోయింది. మధ్యలో ఏమీ లేదు.

"పాపం, మర్చిపోయినట్టుంది."

స్కేలు పెట్టి రెంటినీ నిలువుగా కలిపేశాడు. సున్నాని కూడా నింపేశాడు. పెన్నుతోనే. పెన్సిలు అనుమానపు మనుషులకి. చెప్పుకోకుండా సాయం చేసిన తన పెద్దమనసుకి మురిసిపోయి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమైందే?" అంది అమ్మ.

"వేరే అమ్మాయిని తీసుకున్నారు. రెండు లోపు ఒక సూత్రం, రెండు నుంచి ఇంకో సూత్రం. రెండుని అడిగితే ఐదు అని ఒక్క జవాబే రావాలి. నా గ్రాఫులో రెండు గీతల్నీ కలిపేసి ఉంది, అది మూడూ అంటోంది, నాలుగూ అంటోంది, ఐదూ అంటోంది. అసలిది ఫంక్షనే కాదన్నారు టీచరు."

"మరెందుకు కలిపావే?"

"ఏమో."

అమ్మ నాన్న వైపు తిరిగింది. కాపురం చేసిన మనిషి కదా. "మీరేమైనా ముట్టుకున్నారా?"

"నేనా? నాకేం పని?"

ఒక్క ప్రశ్నకి పైకి ఒక జవాబు, లోపల ఇంకోటి. తను కూడా ఫంక్షన్ కాదని నాన్నకి అర్థమైంది. ఆ పూట ముద్ద దిగలేదు.

చివరికి కూతురి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"టైల్స్ పనిలో ఏమవుతుందంటే తల్లీ..."

"నాన్నా."

"ఆ గీత నాదే."

"తెలుసు. గ్రాఫు పెన్నుతో గీస్తానా నేను? పొద్దున్న హడావుడిలో చూసుకోకుండా ఇచ్చేశా."

"మరి టీచరుకి చెప్పలేదేం?"

"మా నాన్న గీశాడంటే, మిగతాది ఎవరు గీశారని అడుగుతారు." పిల్ల తలెత్తలేదు. "అమ్మ అడిగినప్పుడైనా చెప్తావనుకున్నా."

"రేపు నేనే వచ్చి టీచరుకి చెప్తా."

"జట్టు అయిపోయింది నాన్నా."

"అయినా చెప్తా."

"ముందు అమ్మకి చెప్పు."

వంటింట్లో గిన్నెలు గట్టిగానే మోగుతున్నాయి. నాన్న అటు కదిలాడు. జీవితంలో మొదటిసారి, గదికీ వంటింటికీ మధ్య ఖాళీ ఇంకాస్త ఉంటే బావుణ్ణనిపించింది.