లచ్చమ్మ అడగాల్సిన మాట

నాటకం చదివేటప్పుడు నేను పాత్రల పేర్లను బొటనవేలితో మూసేస్తాను. మాట మాత్రమే చదివి, అది ఎవరు అన్నారో చెప్పుకుంటాను. చెప్పలేకపోతే ఆ పాత్రకు ఇంకా ప్రాణం రాలేదన్నమాట. నేను బడికి పోలేదు. పిల్లలు పాఠాలు చదువుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఈ పద్ధతి కూడా ఎవరో చెప్పింది కాదు.

మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవానికి ఉమాశ్రీ రాసిన నాటకాన్నీ అలాగే చదివాను. ఉమాశ్రీ పై అంతస్తులో ఉండే కాకినాడ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీదే వ్యంగ్యం రాసింది. అసోసియేషన్ అధ్యక్షుడు చలపతిరావుగారు కోప్పడకపోగా, నాటకంలో అధ్యక్షుడి వేషం తానే కడతానని ముందుకొచ్చారు. ఇంకొకరు కడితే ఎంత ఎగతాళి చేస్తారో తెలియదు, తానే కడితే ఎక్కడ ఆపాలో తన చేతిలో ఉంటుంది. నాకు పనిమనిషి వేషం వచ్చింది.

క్లబ్‌హౌస్‌లో మొదటి రిహార్సల్ రోజున ఉమాశ్రీ అంది, "ముందు పాత్రల గురించి మాట్లాడుకుందామండి. సీతాబాయి ఆంటీ, మీరు మొదలుపెట్టండి."

"అధ్యక్షుడు మంచిగ కుదిరిండు బిడ్డా," అన్నాను. "ప్రశ్న ఆయనదే, జవాబు ఆయనదే. పార్కింగ్ ఎందుకు నిండింది, జనం కార్లు కొన్నారు కాబట్టి, అంటడు. ఎదుటోళ్ళు నోరు తెరవనీకి సందుండదు. పేరు మూసినా ఆయనే అని తెలుస్తది."

చలపతిరావుగారు పకపకా నవ్వారు. "భలే పట్టేశారండీ! మా ఆవిడా అదే అంటుంది."

"సెక్రటరీ ఏం మాట్లాడినా ముందు 'సార్ అన్నట్టు' అంటడు. సొంత మాట లేకపోవుడే వాని గుణం. అదీ బాగుంది."

"మరి మీ పాత్ర?"

"గీమెనే తెలుస్తలేదు. 'సరే అమ్మా', 'అట్లనే సార్', ఇంతే. వాచ్‌మన్ గదే అంటడు, లిఫ్ట్ బాగుచేసేటోడు గదే అంటడు. పేర్లు మూస్తే ముగ్గురూ ఒక్కటే. ఒక్క ప్రశ్నన్నా లేదు. ఏమీ అడగని మనిషి ఉంటదా బిడ్డా?"

"కామెడీ పాత్ర కదండీ," అన్నారు చలపతిరావుగారు. "మీరు ఆ యాసలో 'అట్లనే' అంటే చాలు, జనం నవ్వేస్తారు."

నా యాస గురించి నా ముందే అన్నారు. అయినా నా మనసంతా లచ్చమ్మ మీద ఉంది.

లచ్చమ్మ మా ఇంట్లో వంట చేసేది. మా గేటు దగ్గర పనివాళ్ళు రోజూ మిషన్‌లో తమ నంబర్ కొట్టాలి. పచ్చరంగు వస్తే లోపలికి, ఎర్రరంగు వస్తే వెనక్కి. ఒకనాడు పనివాళ్ళ లిఫ్ట్ చెడిపోయి, లచ్చమ్మ మేం ఎక్కే లిఫ్ట్‌లో ఎక్కింది. మర్నాడు ఆమె నంబర్‌కు ఎరుపు వచ్చింది. ఇక ఏ ఇంటికీ రావడానికి లేదు. బాల్కనీలోంచి చూశాను. గేటు బయట కాసేపు నిలబడి, మెడ ఎత్తి మా వైపు చూసి, వెళ్ళిపోయింది. ఆఫీసులో అడిగితే కమిటీ అన్నారు, కమిటీవాళ్ళను అడిగితే రూల్ అన్నారు.

మా ఆయన దవాఖానలో పోయేటప్పటికి నేను కింద చాయ్ కోసం నిలబడి ఉన్నాను. పొలాల తగాదాలో మా చెల్లెలు నాతో మాట మానేసి, అట్లాగే కన్నుమూసింది. ఆఖరి మాట లేకుండా వెళ్ళిపోయినవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. ఆ వరుసలోకి లచ్చమ్మను పోనివ్వదలచుకోలేదు.

కొత్తగూడ ఫ్లైఓవర్ అవతల ఒక కర్రీ పాయింట్‌లో పనికి కుదిరిందని తెలిసి ఆటో ఎక్కాను. ఉల్లిపాయలు తరుగుతూ కనిపించింది.

"సీతక్కా! గింత ట్రాఫిక్‌ల ఒక్కదానివే వచ్చినవా? గుండె దడ తగ్గిందా?"

"దడ ఎక్కడికి పోతది గాని, నాటకంల నాది పనామె వేషం. నువ్వైతే ఏమడుగుతవ్?"

"మంచి చీర కట్టుకో ముందు. నాటకాలల్ల మాకు ఎప్పుడు జూసినా చినిగిందే కడతరు."

"పని మళ్ళ ఇయ్యమని అడుగుతవా?"

"ఎందుకడుగుత? పని గీడుంది." కత్తి పక్కన పెట్టింది. "నన్ను ఎవరు ఆపిన్రో పేరు చెప్పమను. దొంగ లెక్క గేటు కాడ నిలబెట్టినోనికి పేరుండదా?"

ఆ మాట నేను చెప్పగానే ఉమాశ్రీ నాటకంలో చేర్చింది. చలపతిరావుగారు చదివి, నవ్వు ముఖంతోనే కొట్టేశారు. "ఇది హాస్యం కాదమ్మా, ఫిర్యాదు. ఇది ఉంటే నాటకమే ఉండదు." ఉమాశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట లేకుండానే రిహార్సల్ నడిచింది.

ఇంట్లో నా కూతురు జ్యోత్స్న పట్టుకుంది. "అమ్మా, నీ ముఖం చూస్తేనే తెలుస్తుంది, ఏదో చేస్తవ్. మనం కిరాయికున్నం. ఓనర్ చలపతిరావు సార్ దోస్తు. ఇల్లు ఖాళీ చేయమంటే పిల్లల బడి ఏంది, నా ఆఫీసు ఏంది? జర ఆలోచించు."

ఆలోచించాను. భయం నాకు చుట్టం లాంటిది, పిలవకున్నా వచ్చి కూర్చుంటుంది. అయినా మంచి చీరే తీసి ఇస్త్రీకి ఇచ్చాను.

వార్షికోత్సవం రోజు మైదానానికి జనం బాగా వచ్చారు. అందరికీ కాలర్ మైకులు తగిలించారు. మంచి చీరలో పనిమనిషి రాగానే ముందు వరుసలో గుసగుసలు. అధ్యక్షుడి ఆఫీసు సీను నడుస్తోంది.

"నువ్వెందుకు వచ్చావ్? పని కోసం. పని ఉందా? లేదు. ఇంక వెళ్ళు," అన్నారు చలపతిరావుగారు. జనం నవ్వారు.

నేను "అట్లనే సార్" అని వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. ఆయన ఎదుట ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"గేటు కాడ నన్ను ఎవరు ఆపిన్రు సార్? పేరు చెప్పున్రి."

మళ్ళీ నవ్వారు. ఇదీ నాటకమే అనుకున్నారు. చలపతిరావుగారు తెర పక్కకు చూశారు. అక్కడ కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఉమాశ్రీ, ఏ మాటా అందించకుండా చేతులు కట్టుకుంది.

"ఆ సంగతి తర్వాత చూద్దాం," అన్నారాయన.

"చూడున్రి. అప్పటిదాకా గీడనే కూసుంట."

ఆయన నా మీదికి వంగి, నవ్వు చెదరకుండా మెల్లగా అన్నారు. "సీతాబాయిగారూ, మీ అమ్మాయి అద్దె ఇంట్లో ఉంటోంది. గుర్తు పెట్టుకోండి."

కాలర్ మైకు ఆ గుసగుసను మైదానం చివరిదాకా మోసుకుపోయింది. నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట ఆయనకు ఎవరూ రాసిచ్చింది కాదు. పేరు మూసి చదివినా ఎవరిదో ఇట్టే చెప్పవచ్చు.

జ్యోత్స్న ఎక్కడుందోనని చూడటానికి కూడా ధైర్యం చాలలేదు. అప్పుడు వెనక వరుసలోంచి దాని గొంతే వినిపించింది.

"నెల నెలా కిరాయి కట్టే ఉంటున్నం సార్. మా అమ్మను బెదిరించకున్రి. అడిగిందానికి పేరు చెప్పున్రి!"

"చెప్పండి సార్," అని ఇంకెవరో అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళెవరూ వాళ్ళను వారించలేదు.

చలపతిరావుగారు మైకు మీద చెయ్యి వేశారు, తీశారు. కమిటీ సభ్యులు కూర్చున్న వైపు చూశారు. వాళ్ళలో ఒకరు ఫోన్ చూసుకుంటున్నారు, ఒకరు చెప్పు వెతుక్కుంటున్నారు.

"నేనే," అన్నారు చివరికి. "నేనే ఆపించాను. లచ్చమ్మను."

నేను ఆమె పేరు ఎత్తనే లేదు. ఆయనే ఎత్తారు.

తెర లాగమని ఎవరో అరిచారు. ఉమాశ్రీ తాడు దగ్గరికి వెళ్ళి, దానికి అడ్డంగా నిలబడింది. నేను కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను.

"ఎందుకు సార్?" అని అడిగాను.