తలుపు వెనక గీతలు

వేప పొడి చేదుగా ఉంటుంది. గాలిలో తేలుతున్నా చేదే. నోరు మూసుకున్నా చేదే.

రుద్దింది.

ఉప్పుకాగితం అరిగితే ఇంకో కాగితం తీసింది. పులివెందుల దగ్గర వాళ్ల అరటితోటలో, మోటారు కొట్టం ముందు, రెండు రాళ్ల మీద తలుపు పరిచి మూడు రోజులు రుద్దింది లహరి. పొడి రెప్పల మీద పడింది. అరటాకుల మీద పడింది.

తలుపు వెనక వైపు గీతలున్నాయి. మేకుతో గీసినవి. మూడు వరసలు.

రుద్దేకొద్దీ లోతు తగ్గింది. మూడో రోజు సాయంత్రానికి అరచేతికి ఏమీ తగల్లేదు.

బాగుంది అనుకుంది.

అప్పుడు — బాగుంది అనుకుంది.

కడపలో బొమ్మల చదువు. చివరి సంవత్సరం. ఒక చిత్రకారుడి మీద పరిశోధన చేయాలి. ఆయన పనికి జవాబుగా తనదైన పని ఒకటి చేసి చూపాలి.

లహరి వేదవ్యాసను ఎంచుకుంది. జమ్మలమడుగులో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరైనవాడు. గండికోట జలాశయం నీళ్లలో మునిగిన ఊళ్ల మీద ఇరవై ఒక్క బొమ్మలు వేశాడు.

ఇరవై ఒక్క తలుపులు.

అన్నీ మూసినవే. అన్నీ లోపలి వైపు నుంచి చూసినవే. ఇల్లు ఉండదు. మనుషులు ఉండరు. కింది సందులోంచి నీళ్లు వస్తుంటాయి. చూసేవాళ్లు లోపల ఉంటారు.

మొదటిసారి వాటి ముందు నిలబడినప్పుడు లహరి తన పాదాల వైపు చూసుకుంది. తడిశాయేమో అని.

ఆ తలుపుల మీద కూడా గీతలుంటాయి. సన్నగా, వంకరగా, చెక్క ఈనెల్లో కలిసిపోయి... లహరి వాటిని ఫోనులో పెద్దవి చేసి చూసింది. వందసార్లు చూసింది. తొమ్మిదో బొమ్మ గురించి తన వ్యాసంలో ఇలా రాసింది: "ఈ గీతలకు అర్థం లేదు. అర్థం లేకపోవడమే వీటి అర్థం."

మార్కులు బాగా వచ్చాయి.

వేదవ్యాసను కలిసింది ఒక్కసారే. బొమ్మలను ఎట్లా అర్థం చేసుకోవాలని అడిగింది. ఆయన టీ తాగడం ఆపలేదు.

"తలుపు వెనక చదువు పాపా."

చదువు అంటే లోతుగా పరిశీలించమని అనుకుంది. నోటుబుక్కులో రాసుకుంది. ఇంకేమీ అడగలేదు.

తలుపు ప్రొద్దుటూరులో దొరికింది. పాత కలప అమ్మే ఆరిఫ్ అంగడిలో, గోడకు ఆనించి ఉంది. ముందు వైపు ఎర్ర రంగుతో 147. ముంపు ఊళ్లలో ఇళ్లను లెక్క రాసుకున్నప్పుడు వేసిన నంబరు.

"ఇంటికా అక్కా, కొట్టానికా?" అన్నాడు ఆరిఫ్.

"బొమ్మకి."

"తలుపు మింద బొమ్మ ఏస్తావా, బొమ్మకే తలుపు పెడతావా?"

లహరి నవ్వింది. తలుపు తిప్పి వెనక వైపు చూసింది.

"యానకాల గీకి పెట్టినారు. ఉప్పుకాగితం కొడితే పోతాది. నువ్వు కొడతావా, మేం కొట్టియ్యాల్నా?"

"నేనే కొడతా."

నేనే అంది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు.

ప్రదర్శన ప్రొద్దుటూరులోనే. ఒక కల్యాణమండపం కింది హాలు. తలుపును నిలువుగా నిలబెట్టింది, చుట్టూ తిరిగి చూసేట్టు. పక్కన చిన్న అట్ట. "మౌనం. ఈ తలుపుకు చెప్పడానికి ఏమీ మిగలలేదు."

పేపరులో ఫొటో వచ్చింది. లహరి, పక్కన తలుపు, తలుపు మీద 147.

మరుసటి రోజు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. తల్లి రాజమ్మ. కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంటుంది. కూతురు హేమలత. ఈ ఊళ్లోనే బట్టల అంగడిలో పని. పేపరు చూసింది ఆమె.

రాజమ్మ చెప్పులు గుమ్మం బయటే విడిచింది. తలుపు ముందుకు పోయి నంబరును వేలితో తాకింది.

"మాదే. ఊరు మునగకముందే పీకి ట్రాక్టరుకు ఏసుకున్యాం. కాలనీ ఇంటికి ఇనప తలుపు ఉండె. దీన్ని గోడకు ఆనిచ్చి పెట్టింటి. నేను కంటి ఆపరేషనుకు పోయినప్పుడు మా కొడుకు శివ అమ్మేసినాడు."

"వానికి తెలీదులే మా," అంది హేమలత.

"తెలీకేం. వాని పేరే మొదుట ఉండె."

రాజమ్మ తలుపు వెనక్కి పోయింది.

అరచేయి పెట్టింది. పైనుంచి కిందికి. మళ్లీ పైనుంచి. తల పక్కకు తిప్పి, చెవితో వింటున్నట్టు తడిమింది.

"రాత యాడ పాపా?"

లహరి అట్ట వైపు చూసింది.

"మా ఆయన రాసినాడు. మేకు పెట్టి. ముగ్గురు బిడ్డలూ పుట్టిన దినం, పుట్టిన పొద్దు. శివది, దీనిది... ఆ యనక ఒక ఆడబిడ్డ. పదైదు దినాలుండె. పేరు పెట్టకముందే పోయె, దాని గుర్తు యాడా ల్యా. రేషను కార్డులో ల్యా, యాడా ల్యా. ఈడ్నే ఉండె."

"నాకు... ఇట్లే వచ్చిందమ్మా," అంది లహరి.

అనేసింది.

హేమలత అట్ట చదువుతోంది. చదివి లహరి వైపు చూసింది.

"నీళ్లు తినేసింటాయిలే," అంది రాజమ్మ. లహరి భుజం మీద చేయి వేసింది. "నువ్వేం చేస్తావు పాపా."

"నీళ్లు యాడ తగిలినాయి మా దీనికి?" అంది హేమలత.

పైన ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు.

"ఊరు మునిగేముందు ఒక సారు వచ్చినాడు," అంది రాజమ్మ. "ఇల్లిల్లూ తిరిగి తలుపుల యనకాల చూసి బొమ్మ ఏసుకోని పోయినాడు. ఏందప్పా ఈయన, ముందు బాగుంటే యనక చూస్తాండాడు అని నవ్వుకున్యాం."

లహరి ఫోను తీసింది. మూడు వరసల గీతలున్న తొమ్మిదో బొమ్మ. వేళ్లతో పెద్దది చేసింది.

వందసార్లు చూసిన గీతలు. నూటొకటోసారి చూసింది.

చదివింది.

శి — వ. హే — మ. మూడో వరసలో పేరు లేదు. పాప — బేస్తవారం — పొద్దు పుట్టేముందు.

ఇంతసేపూ అక్షరాలే. ఇన్ని నెలలూ అక్షరాలే. చదవమన్నాడు ఆయన. అంతే అన్నాడు.

ఫోను హేమలతకు చూపింది. హేమలత గట్టిగా చదివింది. మూడో వరస దగ్గర గొంతు తగ్గించింది. తర్వాత అడిగింది.

"మరి తలుపు మిందిది ఏమాయె?"

"రుద్దినాను," అంది లహరి.

మళ్లీ అంది.

"నేనే రుద్దినాను. గీతలనుకున్యా."

రాజమ్మ కోప్పడుతుందని చూసింది. కోప్పడితే బాగుండునని చూసింది.

రాజమ్మ చేయి చాపింది. ఫోను ఇవ్వమని. ఆమెకు చదువు రాదు. చెక్క మీద వేలు పెడితే ఏ వరస ఎవరిదో తెలిసేది, అంతే.

వేలు ఫోను అద్దం మీద పెట్టింది. బొమ్మ జరిగింది. శివ పోయాడు. హేమ పోయింది. మళ్లీ పెట్టింది. నీళ్లు వచ్చాయి, సందులోంచి వచ్చే నీళ్లు... మూడో వరస పక్కకు జారిపోయింది.

రాజమ్మ వేలిని చూసుకుంది. అద్దాన్ని చూసింది.

"దీన్ని గూడా రుద్దేసినావా పాపా?"

అడిగింది. నిజంగానే అడిగింది.

వేలు ఇంకా తడుముతూనే ఉంది —