గుమ్మం దాకా వాలు

"వాలుగా పోస్తే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుంది. మూడు మెట్లు, పైన వెడల్పుగా అరుగు. చూసేవాళ్ళకి నిండుగా ఉండాలి," అని మేస్త్రీకి చెప్పి మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. చూసేవాళ్ళు నెలకి ఇద్దరొస్తే ఎక్కువ. మా అత్తగారి కాళ్ళు పడిపోయి నాలుగేళ్ళు. ఆమె చక్రాల కుర్చీని రోజూ ఎండ కోసం ఇప్పుడున్న పాత మెట్లు దించేదీ, మళ్ళీ ఎక్కించేదీ నేను. ప్రతి మంగళవారం కాళ్ళకి వ్యాయామం చేయించడానికి తీసుకెళ్ళేదీ నేనే, ఉద్యోగానికి సగం రోజు సెలవు పెట్టి. "నీ చేతికి అలవాటేగా," అంటారాయన, తన చేతికి అలవాటు కాకుండా జాగ్రత్తపడుతూ. మొన్న బట్టలు తీయడానికి వంగినదాన్ని మళ్ళీ లేవలేకపోయాను. ఇక బరువులెత్తితే నడుముకి ఆపరేషనే అంది డాక్టరు. ఇంటికొచ్చి చెబితే, మా రోజుల్లో మాకు నడుములు లేవా అన్నారు అత్తగారు. ఆయన టీవీ శబ్దం పెంచుకున్నారు.

మేస్త్రీ పాత మెట్లు పగలగొట్టబోతుంటే ఆపాను. గేటు నుంచి గుమ్మం దాకా వాలుగా పోయమన్నాను. సారుకి ఒక్క మాట ఫోన్ చేసి అడగమన్నాడు. ఈ ఇంట్లో నేను అడగకుండా చేసిన పని ఒక్కటీ లేదు, ఆ రోజు మాత్రం నాకు అడగబుద్ధి కాలేదు. అత్తగారు వాకిట్లోనే ఎండలో ఉన్నారు. "ఆవిణ్ణి ఒక్కసారి పైకి ఎక్కించండి," అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా సిమెంటు బస్తాలు మోసిన మనిషి, నవ్వుతూ వచ్చాడు. మొదటి మెట్టు దగ్గరే కుర్చీ ఒరిగితే అత్తగారు అతని చొక్కా పట్టుకున్నారు. పైకెక్కేసరికి అతనికి ఊపిరి అందలేదు.

"బస్తా అయితే భుజాన వేసుకుంటానమ్మా. మనిషిని ఎలా వేసుకోను?"

ఇంకేమీ అడగకుండా గేటు దాకా దారం లాగాడు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలట, మా వాకిలి సరిపోయింది. గుమ్మం ముందు కుర్చీ తిరిగేంత చదును వదిలాడు. చక్రం జారకుండా పచ్చి కాంక్రీటు మీద చీపురుతో అడ్డంగా గీతలు లాగాలన్నాడు. ఆ పని నేనే చేశాను. అంత సంతోషంగా చీపురు పట్టిన రోజు నాకు గుర్తులేదు.

మా ఆయన వారం రోజులు మాటలు మానేశారు, భోజనం మానలేదు. నేను వాలు మీద పరిచిన గోనెపట్టాలు తడుపుతూ దాన్ని గట్టిపడనిచ్చాను.

తర్వాత ఆదివారం పక్కింటి పిన్నిగారు చూసి, అత్తగారి కోసం ఇంత చేసే కోడలు ఎక్కడుంటుందని మెచ్చుకున్నారు. "అమ్మకి సుఖంగా ఉంటుందని మేమే అనుకున్నాం," అన్నారు మా ఆయన. ఎప్పుడూ అలాంటి మెప్పు దగ్గరే నా నోరు మూతపడేది.

"ఆవిడ కోసం కాదు పిన్నిగారూ, నా నడుము కోసం," అన్నాను.

అత్తగారు నా వైపు తిరిగి చూశారు. నాకు సిగ్గనిపించలేదు. కుర్చీ పిడులు మా ఆయన చేతుల్లో పెట్టాను.

"ఇక ఇది ఎవరైనా తొయ్యొచ్చు. ఎల్లుండి మంగళవారం, సెలవు మీరు పెట్టండి."